ప్రకృతి ఫోటోలు తీసి బతకొచ్చా? ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ల ఖర్చులు, హక్కులు, అనుమతుల లెక్క ఇదీ

డిసెంబరులో ఒక తెల్లవారుజాము. అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద ఒక ఫోటోగ్రాఫర్ చీకట్లోనే ట్రైపాడ్ వేసుకుని కూర్చున్నారని అనుకుందాం. ఆయన అక్కడికి రావడం అది మూడోసారి. మొదటిసారి మంచు కొండను పూర్తిగా కప్పేసింది. రెండోసారి మేఘమే లేదు. ఈసారి మాత్రం లోయ నిండా తెల్లటి మేఘాలు, వాటి మీద ఎర్రటి వెలుగు. పది నిమిషాల్లో పని పూర్తయింది. ఇంటికొచ్చి ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. వేల లైకులు వచ్చాయి.

ఆరు నెలల తర్వాత హైవే పక్కన ఒక రిసార్టు హోర్డింగ్ మీద అదే ఫోటో కనిపించింది. మూలన ఉన్న పేరును కత్తిరించేశారు. ఫోన్ చేస్తే, ‘‘గూగుల్‌లో దొరికింది సర్, కావాలంటే మీ పేరు వేస్తాం’’ అన్నది సమాధానం.

ఈ సన్నివేశం ఊహించి చెప్పిందే. కానీ ఈ వృత్తిలో ఉన్నవారిలో చాలామందికి ఇది కొత్త కాదు. ఆ ఫోటో ఎవరి సొత్తు? దానికి ఎంత అడగాలి? డబ్బులు ఇవ్వకపోతే ఏం చేయాలి? అసలు మూడు ప్రయాణాల ఖర్చు తిరిగి వచ్చే దారి ఏది? కెమెరా కొన్న తొలి రోజుల్లో ఎవరూ ఈ ప్రశ్నలు వేసుకోరు. వృత్తిగా మార్చుకున్నాక వీటిని తప్పించుకోలేరు.

పెళ్లిళ్లు తీసేవారికీ, ప్రకృతి తీసేవారికీ తేడా ఏంటి?

పెళ్లి ఫోటోగ్రాఫర్‌కు ముందు గిరాకీ వస్తుంది, తర్వాత ఫోటో తీస్తారు. అడ్వాన్స్ చేతికి వచ్చాకే కెమెరా బయటికి తీస్తారు. ల్యాండ్‌స్కేప్‌లో వరస తిరగబడుతుంది. ముందు సొంత డబ్బుతో ప్రయాణం చేయాలి, వాతావరణం కోసం కాచుకోవాలి, ఫోటో తీయాలి. కొనేవారు ఎవరన్నది ఆ తర్వాతి సంగతి.

పైగా ఈ పనికి కాలంతో ముడి ఉంది. ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జూన్ నుంచి అక్టోబరు వరకే తెరిచి ఉంటుంది. మున్నార్ కొండల మీద నీలకురింజి పూలు పన్నెండేళ్లకు ఒకసారి విరివిగా పూస్తాయి. 2018లో పూశాయి. ఆ ఏడాది కేరళను ముంచెత్తిన వరదలు కొండ దారులను కూడా దెబ్బతీశాయి. అప్పుడు కుదరనివారికి మళ్లీ అంతటి పూత చూడాలంటే 2030 దాకా ఆగాల్సిందే.

ఇది ఈనాటి కష్టం కూడా కాదు. ఇంగ్లండ్‌లో బ్యాంకు ఉద్యోగం వదిలి 1863లో భారత్‌కు వచ్చిన శామ్యూల్ బోర్న్ హిమాలయాల్లోకి మూడు పెద్ద యాత్రలు చేశారు. అప్పటి పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే ఫోటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అందుకే గాజు పలకలు, రసాయనాలు, చీకటి గుడారం మోయడానికి పదుల సంఖ్యలో కూలీలను వెంట తీసుకెళ్లేవారు. అంత ఖర్చు ఎలా గిట్టింది? ఆయన భాగస్వామిగా ఉన్న ‘బోర్న్ అండ్ షెపర్డ్’ స్టూడియో దృశ్యాల ప్రింట్లను కేటలాగ్ వేసి అమ్మింది. దానితోపాటు మనుషుల పోర్ట్రెయిట్లు తీసింది. కోల్‌కతాలోని ఆ స్టూడియో 2016లో మూతపడింది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ రాజా దీన్ దయాళ్. ఇందోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా మొదలై, కట్టడాలు, దృశ్యాల ఫోటోలతో పేరు తెచ్చుకున్నారు. తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. ఆయన పనిలోనూ దర్బారులు, వేటలు, కుటుంబ చిత్రాలకు పెద్ద వాటా ఉంది. అమెరికాలో ఈ రంగానికే చిరునామాగా నిలిచిన ఆన్సెల్ ఆడమ్స్ కూడా దశాబ్దాల పాటు కంపెనీలకు వాణిజ్య ఫోటోలు తీశారు. ప్రకృతి దృశ్యాలే ఇంటిని నడపడం అప్పుడూ అరుదే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ రంగంలో నిలదొక్కుకున్నవారి ఆదాయం సాధారణంగా నాలుగైదు పాయల్లో వస్తుంది.

మొదటిది స్టాక్ వెబ్‌సైట్లు. ఫోటోలు అప్‌లోడ్ చేస్తే, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకున్నప్పుడల్లా వాటా వస్తుంది. వినడానికి బాగానే ఉన్నా వాటా చిన్నది. షట్టర్‌స్టాక్ 2020 జూన్‌లో చెల్లింపుల విధానాన్ని మార్చింది. కంట్రిబ్యూటర్ వాటా 15 నుంచి 40 శాతం మధ్య ఉంటుందని, ఏటా జనవరి 1న అందరూ మళ్లీ కింది మెట్టు నుంచి మొదలవుతారని ప్రకటించింది. కొన్ని డౌన్‌లోడ్‌లకు 10 సెంట్లే వస్తుండటంతో చాలామంది నిరసనగా తమ ఫోటోలను తీసేశారు. అడోబీ స్టాక్ ఫోటోలకు 33 శాతం ఇస్తోంది. పోటీదారులైన గెట్టీ ఇమేజెస్, షట్టర్‌స్టాక్ విలీనం అవుతున్నట్లు 2025 జనవరిలో ప్రకటించాయి. కొనేవారి ముందు దుకాణాలు తగ్గితే అమ్మేవారికి బేరమాడే శక్తి కూడా తగ్గుతుంది. సూర్యాస్తమయాలు, కొండలు ఈ సైట్లలో లక్షల్లో ఉన్నాయి. అందుకే అందమైన ఫోటో కంటే అవసరమైన ఫోటో ఎక్కువ అమ్ముడవుతుంది. వరిపొలంలో డ్రిప్ పైపులు, ఎండిన చెరువు, గాలిమరలు, జాతీయ రహదారి వంటివి పత్రికలకు, నివేదికలకు ఎప్పుడూ కావాలి.

రెండోది నేరుగా ఇచ్చే లైసెన్స్. క్యాలెండర్లు, పుస్తకాల అట్టలు, హోటళ్లు, పర్యాటక ప్రచారాలకు ఒక్కో వాడకానికి ఒక్కో ధర. మూడోది కమిషన్ పని. రిసార్టులు, సోలార్ ప్లాంట్లు, తేయాకు తోటలు, రియల్ ఎస్టేట్ లేఅవుట్లు, స్వచ్ఛంద సంస్థలు పిలిపించి ఫోటోలు తీయించుకుంటాయి. స్థిరమైన ఆదాయం తరచూ ఇక్కడి నుంచే వస్తుంది.

నాలుగోది ప్రింట్లు. కార్పొరేట్ ఆఫీసులు, ఆసుపత్రులు, హోటల్ లాబీలు, ఇంటీరియర్ డిజైనర్లు కొంటారు. కాటన్ కాగితంపై పిగ్మెంట్ ఇంకుతో వేసిన ప్రింట్‌కు, సంతకం, సంఖ్య, ధ్రువపత్రం జోడించి ‘పరిమిత ప్రతులు’గా అమ్ముతారు. 20 ప్రతులే అని చెప్పి 21వది అమ్మితే ఆ ఫోటోగ్రాఫర్ మాటకు మార్కెట్‌లో విలువ పోతుంది. అందుకే ఏ సైజులో ఎన్ని ప్రతులన్నది మొదటి ప్రింట్ అమ్మకముందే రాసిపెట్టుకోవాలి.

ఐదోది వర్క్‌షాపులు. లద్దాఖ్, స్పితి, కశ్మీర్, అరకు వంటి చోట్లకు చిన్న బృందాలను తీసుకెళ్లి నేర్పించడం. ఇప్పుడు చాలామందికి ఫోటోల కంటే ఇదే ఎక్కువ ఆదాయం ఇస్తోంది. కానీ ఆ క్షణం నుంచి ఫోటోగ్రాఫర్ టూర్ ఆపరేటర్ కూడా అవుతారు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానం దిగిన రోజే పాంగాంగ్ సరస్సుకు పరుగెత్తిస్తే ప్రాణాల మీదకు రావచ్చు. తొలి రెండు రోజుల విశ్రాంతి, వైద్య బీమా, రద్దయితే డబ్బు వాపసు నిబంధనలు రాతపూర్వకంగా ఉండాలి.

ఒక్కరోజు పనికి ఎంత అడగాలి?

‘పక్కవాళ్లు ఎంత తీసుకుంటున్నారు’ అని చూసి ధర చెప్పడం చాలామంది చేసే పొరపాటు. ముందు తమ ఖర్చు తెలియాలి. ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. ఇవి అంచనా అంకెలు మాత్రమే, ఎవరికి వారు మార్చుకోవచ్చు.

కెమెరాలు, లెన్సులు, కంప్యూటర్ కలిపి 8 లక్షల రూపాయలు. నాలుగేళ్లు పనిచేస్తాయనుకుంటే ఏడాదికి 2 లక్షలు. ఫీల్డ్‌లో 60 రోజులు, రోజుకు 5 వేల చొప్పున ప్రయాణ ఖర్చు 3 లక్షలు. హార్డ్ డిస్కులు, సాఫ్ట్‌వేర్, బీమా, వెబ్‌సైట్, ఆడిటర్ ఫీజు కలిపి లక్ష. చిన్న ఆఫీసు అద్దె, కరెంటు 1.2 లక్షలు. ఇంటి ఖర్చుకు నెలకు 50 వేల చొప్పున 6 లక్షలు. మొత్తం 13.2 లక్షలు.

ఏడాదిలో డబ్బులు వచ్చే పని రోజులు 60 దొరికితే రోజుకు కనీసం 22 వేలు రావాలి. 40 రోజులే దొరికితే 33 వేలు. ఇందులో లాభం లేదు, పన్ను లేదు, పోయిన లెన్సుకు మరమ్మతు లేదు. ‘ఒక్క రోజు పనికి ఐదు వేలు చాలు కదా’ అని క్లయింటు అన్నప్పుడు, మిగతా 17 వేలు ఎవరి జేబులోంచి పోతున్నాయో ఈ లెక్క చూపిస్తుంది. చాలా సందర్భాల్లో అది ఇంట్లో మరొకరి జీతం.

బీమా విషయంలో ఒక జాగ్రత్త. పరికరాల పాలసీల్లో, పార్క్ చేసిన కారులో వదిలేసిన బ్యాగు పోతే క్లెయిమ్ ఇవ్వకుండా మినహాయింపు ఉండటం మామూలే. కొనేముందు ఆ పేజీ చదవాలి.

ఫోటో తీసినవారిదేనా కాపీరైట్?

సాధారణంగా అవును. కాపీరైట్ చట్టం-1957 ప్రకారం ఫోటోను తీసిన వ్యక్తే దాని కర్త. కళాత్మక విలువ ఉందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఫోటోకు రక్షణ ఉంటుంది. 2012 సవరణ తర్వాత ఈ హక్కు ఫోటోగ్రాఫర్ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు కొనసాగుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది.

అయితే రెండు ముఖ్యమైన మినహాయింపులు ఉన్నాయి. ఉద్యోగంలో భాగంగా తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. అలాగే సెక్షన్ 17 ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, భిన్నమైన ఒప్పందం లేనంతవరకు, హక్కు డబ్బిచ్చినవారిదే. అంటే ఒక రిసార్టు పిలిచి, రోజు ఫీజు ఇచ్చి తీయించుకున్న సూర్యోదయం ఫోటోను ఫోటోగ్రాఫర్ తర్వాత ప్రింట్ వేసి అమ్ముకోవాలంటే, ‘కాపీరైట్ ఫోటోగ్రాఫర్ వద్దే ఉంటుంది, క్లయింటుకు వాడుకునే లైసెన్స్ మాత్రమే’ అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో ఉండి తీరాలి. ఆ వాక్యం లేకపోతే చట్టం క్లయింటు వైపే నిలబడుతుంది.

ఫోటోగ్రాఫర్‌కు మేలు చేసే నిబంధన కూడా ఒకటి ఉంది. హక్కుల బదిలీ లేదా లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలం అన్నది రాయకపోతే 5 ఏళ్లుగా, ఏ ప్రాంతానికి అన్నది రాయకపోతే భారత్‌కు మాత్రమేనని భావించాలని సెక్షన్ 19 చెబుతోంది. అందుకే కొన్ని ఒప్పందాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో’ అన్న మాటలు కనిపిస్తాయి. ఆ మూడు మాటల కోసం విడిగా ధర అడగాలి.

లైసెన్స్ రాసేటప్పుడు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. ఎక్కడ వాడతారు? ఎంతకాలం? ఏ ప్రాంతంలో? మరెవరికీ అమ్మకూడదా? ఒక వెబ్‌సైట్‌లో ఏడాది పాటు వాడే చిన్న ఫోటోకూ, దేశవ్యాప్తంగా హోర్డింగుల మీద మూడేళ్లు ఉండే ఫోటోకూ ధర ఒకటే అయితే నష్టపోయేది ఫోటోగ్రాఫరే.

ఫోటో పోటీల నిబంధనలు ఇక్కడే చదవాలి. కొన్ని పోటీల్లో గెలిచినవే కాదు, ‘వచ్చిన ప్రతి ఎంట్రీ’ మీద ఎలాంటి చెల్లింపు లేకుండా వాడుకునే హక్కు నిర్వాహకులదే అని ఉంటుంది. అలాంటప్పుడు ముగ్గురికి ఇచ్చే బహుమతి డబ్బుతో వేల ఫోటోల లైబ్రరీ తయారవుతుంది. గెలిచిన ఎంట్రీలకే, ఆ పోటీ ప్రచారానికే పరిమితమైన నిబంధన న్యాయమైనది.

భవనాల సంగతి ఏంటి? బహిరంగంగా కనిపించే కట్టడాన్ని, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించడం కాపీరైట్ ఉల్లంఘన కాదని భారత చట్టం చెబుతోంది. అయితే కాపీరైట్ వేరు, ట్రేడ్‌మార్క్ వేరు. ముంబయిలోని తాజ్ మహల్ ప్యాలెస్ హోటల్ తన భవన రూపానికి 2017లో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ పొందింది. నగర దృశ్యంలో ఆ భవనం కనిపించడానికీ, దాన్ని సరకుల మీద ముద్రించి అమ్మడానికీ మధ్య తేడాను గుర్తుంచుకోవాలి.

ఫోటో దొంగిలిస్తే ఏం చేయాలి?

వంజంగి ఫోటో దగ్గరికి మళ్లీ వద్దాం. ‘గూగుల్‌లో దొరికింది’ అనేది చట్టం ముందు సమాధానం కాదు. ఇంటర్నెట్‌లో కనిపించినంత మాత్రాన ఫోటో అందరి సొత్తు అయిపోదు. పేరు వేస్తామనడం కూడా లైసెన్స్‌కు బదులు కాదు.

కోపంగా పోస్టు పెట్టడానికి ముందు సాక్ష్యం భద్రపరచాలి. హోర్డింగ్‌ను తేదీ, చోటు తెలిసేలా ఫోటో తీయాలి. వెబ్‌సైట్‌లో ఉంటే లింకుతో సహా స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ఒరిజినల్ రా ఫైల్, దాని ముందూ వెనకా తీసిన ఫ్రేములు ఫోటోగ్రాఫర్ దగ్గరే ఉంటాయి. ఎంత ఎడిట్ చేసినా ఇతరుల దగ్గర అవి ఉండవు. ఎలక్ట్రానిక్ రికార్డులను కోర్టులో ప్రవేశపెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్-2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి.

తర్వాతి మెట్టు లైసెన్స్ ఇన్వాయిస్‌తో కూడిన నోటీసు. చాలా కేసులు ఇక్కడే సర్దుబాటు అవుతాయి. ఆన్‌లైన్‌లో ఉన్న కాపీల విషయంలో, రాతపూర్వక ఫిర్యాదు అందాక మధ్యవర్తి వేదిక 36 గంటల్లోగా దాన్ని అందుబాటులో లేకుండా చేయాలని కాపీరైట్ నిబంధనలు-2013 చెబుతున్నాయి. అయితే 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోకపోతే వేదిక దాన్ని మళ్లీ పెట్టవచ్చు.

దావా వేయాల్సి వస్తే, ఫోటోగ్రాఫర్ తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటే వేయడానికి సెక్షన్ 62 వీలు కల్పిస్తోంది. పాడేరులో ఉన్నవారు దిల్లీ కంపెనీ కోసం దిల్లీ వెళ్లాలన్న నియమం లేదు. తెలిసి చేసిన ఉల్లంఘన నేరం కూడా. సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఇది పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022 మేలో ‘నిట్ ప్రో ఇంటర్నేషనల్’ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హక్కుల సమాచారాన్ని కావాలని తొలగించడం విడిగా మరో నేరం. మూలన ఉన్న పేరును కత్తిరించిన సందర్భంలో న్యాయవాదిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

అయినా కోర్టుకు పట్టే కాలం, ఖర్చు అందరికీ తెలిసినవే. అందుకే చాలామంది రాజీ వైపే మొగ్గుతారు. చట్టం తెలిసి రాజీపడటానికీ, తెలియక వదిలేయడానికీ తేడా ఉంది.

ఎక్కడ అనుమతి కావాలి?

రోడ్డు పక్క నిలబడి కొండను ఫోటో తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిక్కులు నాలుగు చోట్ల వస్తాయి.

అభయారణ్యాలు: వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం అభయారణ్యంలోకి ఫోటోగ్రఫీ కోసం వెళ్లడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వొచ్చు. ఆవాసాన్ని మార్చకూడదు, వన్యప్రాణులకు హాని కలగకూడదు.

కట్టడాలు: 2018 జులైలో పురావస్తు శాఖ తన రక్షణలోని కట్టడాల్లో ఫోటోలకు అనుమతిచ్చింది. అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్ మహల్ సమాధి మందిరాన్ని మాత్రం మినహాయించింది. కానీ ట్రైపాడ్ వేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. కడప జిల్లా గండికోటలో పెన్నా లోయను తీయడానికి వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

సరిహద్దులు: అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపుర్‌లకు బయటి రాష్ట్రాలవారు వెళ్లాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. సైనిక స్థావరాలు, నిషిద్ధ ప్రాంతాల ఫోటోలు తీస్తే అధికార రహస్యాల చట్టం-1923 వర్తించే ప్రమాదం ఉంది.

డ్రోన్లు: డ్రోన్ నిబంధనలు-2021 ప్రకారం ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విభజించారు. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల వరకు ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. 250 గ్రాముల నుంచి 2 కిలోల మధ్య ఉన్న డ్రోన్‌ను సరదాకు ఎగరేస్తే అక్కర్లేదు గానీ, డబ్బు కోసం ఎగరేస్తే సర్టిఫికెట్ కావాలి. చాలామంది ఫోటోగ్రాఫర్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. కాబట్టి విదేశాల్లోని బంధువులు తెచ్చే డ్రోన్ కస్టమ్స్ దగ్గరే ఆగిపోవచ్చు.

పన్నులు, రావాల్సిన బకాయిలు

ఫోటోగ్రఫీ సేవల మీద 18 శాతం జీఎస్టీ ఉంది. సేవలు మాత్రమే అందించేవారు ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితేనే రిజిస్టర్ కావాలి. మణిపుర్, మిజోరం, నాగాలాండ్, త్రిపురల్లో ఈ పరిమితి 10 లక్షలు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. లైసెన్స్ ఇవ్వడం సేవ. ఫ్రేము కట్టిన ప్రింట్ అమ్మడం సరకు. సేవలను మరో రాష్ట్రానికి ఇచ్చినా 20 లక్షల మినహాయింపు వర్తిస్తుంది. సరకును మరో రాష్ట్రంలోని కొనుగోలుదారుకు అమ్మితే మాత్రం సాధారణంగా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ అవసరం. అంటే విజయవాడ నుంచి బెంగళూరుకు ఒక్క ప్రింట్ పంపడానికి ముందే ఆడిటర్‌తో మాట్లాడాలి.

అమెరికా స్టాక్ ఏజెన్సీల నుంచి ఆదాయం వస్తే డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపాలి. అది లేకపోతే అమెరికాలో వచ్చిన ఆదాయంపై 30 శాతం కోత పడుతుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం రాయల్టీపై ఇది 15 శాతానికి తగ్గుతుంది.

పన్నుల కంటే పెద్ద తలనొప్పి ‘వచ్చే నెల ఇస్తాం’ అనే క్లయింట్లు. దీనికి చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఇది ఉచితం, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. సూక్ష్మ, చిన్న సంస్థలుగా నమోదైనవారికి కొనుగోలుదారులు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదు చేస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. అయితే పని మొదలవకముందే నమోదై ఉండటం మంచిది. బకాయి పడ్డాక నమోదు చేసుకుంటే పాత బిల్లుకు రక్షణ దొరకడం కష్టం.

ఏఐ వచ్చాక ఏం మారింది?

‘మంచు కొండల మీద సూర్యోదయం’ అని టైప్ చేస్తే బొమ్మ తయారవుతోంది. అడోబీ స్టాక్ 2022 డిసెంబరు నుంచి, ఏఐతో తయారైనదని లేబుల్ వేసిన చిత్రాలను తీసుకుంటోంది. గెట్టీ ఇమేజెస్ ఆ ఏడాదే వాటిని నిషేధించింది. తన ఫోటోలను అనుమతి లేకుండా శిక్షణకు వాడుకుందంటూ స్టెబిలిటీ ఏఐపై గెట్టీ లండన్‌లో వేసిన కేసులో 2025 నవంబరులో వచ్చిన తీర్పు చాలావరకు గెట్టీకి వ్యతిరేకంగానే వెళ్లింది. భారత్‌లో వార్తా సంస్థ ఏఎన్ఐ 2024 నవంబరులో ఓపెన్‌ఏఐపై దిల్లీ హైకోర్టుకు వెళ్లింది. అక్కడ ఉన్నది వార్తల సంగతే అయినా, శిక్షణకు వాడుకోవడం ఉల్లంఘనా కాదా అన్న ప్రశ్న ఫోటోగ్రాఫర్లకూ అంతే ముఖ్యం.

ఎక్కడిదో తెలియాల్సిన అవసరం లేని అందమైన దృశ్యాలకు గిరాకీ తగ్గుతోంది. కానీ ‘ఇది ఫలానా చెరువు, ఫలానా తేదీన ఇలా ఉంది’ అని నమ్మకంగా చెప్పగల ఫోటోను యంత్రం ఇవ్వలేదు. పదేళ్ల కిందట తీసిన హిమానీనదం, రిజర్వాయర్ కింద మునిగిపోయిన ఊరు, నరికేయకముందు ఉన్న అడవి ఫోటోలకు కాలం గడిచేకొద్దీ విలువ పెరుగుతుంది. అందుకే తేదీ, చోటు, వివరణతో ఫోటోలను భద్రపరచుకోవడం ఇప్పుడు ఆస్తిని కాపాడుకోవడంతో సమానం. రెండు కాపీలు ఇంట్లో, ఒకటి వేరే చోట అనేది పాత సూత్రమే అయినా, డిస్కు పాడయ్యాక గుర్తొచ్చే సూత్రం కూడా అదే.

కొండకు కూడా ఒక లెక్క ఉంది

వంజంగి కొన్నేళ్ల కిందటి వరకు చుట్టుపక్కల గిరిజన గ్రామాలవారికి, కొద్దిమంది ట్రెక్కర్లకు తప్ప పెద్దగా తెలియదు. మేఘాల ఫోటోలు సోషల్ మీడియాలో తిరిగాక శీతాకాలపు వారాంతాల్లో అక్కడ జనం కిక్కిరిసిపోతున్నారు. టీ కొట్లు, గుడారాల అద్దెలతో స్థానికులకు ఆదాయం వచ్చింది. దాంతోపాటే ప్లాస్టిక్ చెత్త, ట్రాఫిక్ కూడా వచ్చాయి. మహారాష్ట్రలోని కాస్ పీఠభూమిలో పూల సీజన్‌లో జనాన్ని అదుపు చేయడానికి ఆన్‌లైన్ బుకింగ్, రోజువారీ పరిమితి పెట్టాల్సి వచ్చింది.

అందుకే కొందరు ఫోటోగ్రాఫర్లు సున్నితమైన చోట్ల లొకేషన్ ట్యాగ్ పెట్టడం మానేశారు. జిల్లా పేరు చెప్పి ఊరుకుంటారు. స్థానిక గైడ్‌ను పెట్టుకుని డబ్బులిస్తారు. ఇది మంచితనం ఒక్కటే కాదు, వృత్తికి కూడా అవసరం. చోటు పాడైతే మళ్లీ తీయడానికి అక్కడ ఏమీ మిగలదు.

ఇక ఆ హోర్డింగ్ సంగతి. ఫోటోగ్రాఫర్ దగ్గర రా ఫైల్, తేదీ ఉన్న ఫ్రేములు, హోర్డింగ్ ఫోటో ఉన్నాయి. చట్టం ఆయన వైపే ఉంది. మూడు ప్రయాణాలకు ఎంత ఖర్చయిందో రాసుకుని ఉంటే, రిసార్టుకు పంపే ఇన్వాయిస్‌లో ఏ అంకె వేయాలో కూడా ఆయనకు తెలుస్తుంది.